పథ్యం చెప్పే విద్య

కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు కొబ్బరినీళ్లు ప్రమాదం కావచ్చు. వాటిలో పొటాషియం ఎక్కువ. ఆ ఒక్క మాట చెప్పి పంపేస్తే రోగికి బెంగే మిగులుతుంది. మంచి డైటీషియన్ అక్కడ ఆగదు. కూరముక్కలు చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వంపేసి తాలింపు పెట్టుకోమంటుంది. పప్పు ఎన్ని గరిటెలు, ఆవకాయ సంగతేమిటి, పండగపూట ఏం తినొచ్చు, అన్నీ ఆ ఇంటి వంటకు తగ్గట్టు చెబుతుంది. రక్తపరీక్షలోని అంకెలను కంచంలోకి దించే ఈ పనితనం మీద నాకెంతో గౌరవం.

దీని వెనక గట్టి శాస్త్రముంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై హైదరాబాద్‌కు చేరిన జాతీయ పోషకాహార సంస్థ, 2017లో 528 ఆహార పదార్థాల పోషక విలువలను పట్టికలుగా వెలువరించింది.

ఇంటిపట్టున ఉండి పోషకాహారం గురించి నేర్చుకోవడం మొదలుపెట్టే గృహిణులను చూస్తే ముచ్చటేస్తుంది. పోషకాలు, జీర్ణక్రియ వంటి పాఠాలు ఆన్‌లైన్‌లో చక్కగా వంటబడతాయి. రోగి పక్కన కూర్చుని మాట్లాడటం మాత్రం ఆసుపత్రి వార్డులోనే అలవడుతుంది. డిగ్రీ చదువు పూర్తయితే ఆసుపత్రులు, క్రీడా శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు, ఆహార పరిశ్రమలు, పరిశోధనశాలల్లో పని దొరుకుతుంది.

అయితే ఒక్కటి గమనించండి. 2025 జూలై-ఆగస్టు విడత నుంచి పోషకాహార డిగ్రీలను దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో ఇవ్వకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చెప్పింది. డైటీషియన్ కావాలంటే కాలేజీకి వెళ్లి చదవండి. ఫీజు కట్టే ముందు ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో తప్పక చూసుకోండి.