సైకిలు వీరుని కండరములు – ఒక పరిశోధన పత్రముపై విమర్శ

2005 వ సంవత్సరమున అమెరికాలో వెలువడు ‘జర్నల్ ఆఫ్ అప్లైడ్ ఫిజియాలజీ’ అను పత్రికలో ఆరు పుటల చిన్న వ్యాసమొకటి ప్రకటింపబడినది. వ్రాసినవారు ఆస్టిన్ నగరమందలి టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యులు ఎడ్వర్డ్ కాయిల్. వ్యాయామ శరీరధర్మశాస్త్రమున ఆయన పేరెన్నిక గన్నవారు. ఆ వ్యాసమునకు ఆధారమైన మనుష్యుడు ఒక్కడే: ‘టూర్ డి ఫ్రాన్స్’ అను సైకిలు పందెమును అప్పటికి వరుసగా ఆరుసార్లు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్.

తరువాతి కథ పాఠకులు ఎరిగినదే. 2012 అక్టోబరులో ఆతని ఏడు విజయములును రద్దు చేయబడినవి. 2013 జనవరిలో ఆతడే టెలివిజన్‌లో నిషిద్ధ ఔషధములు వాడినట్లు ఒప్పుకొన్నాడు. దొంగ దొరికిన పిమ్మట కుక్క ఏల మొరగలేదని అడుగుట సులభము. ఆ పని ఇక్కడ చేయబోవుట లేదు. ఔషధముల సంగతి యేమియు తెలియకయే, 2005 లోనే, శ్రద్ధగల పాఠకుడు ఆ ఆరు పుటలలో ఏమి గమనింపవలసి యుండెను? నేడును ఇట్టి వ్యాసములు, ఇట్టి సమర్థనలు వెలువడుచునే యున్నవి గనుక ఈ ప్రశ్నకు ప్రయోజనము కలదు.

కాయిల్ చెప్పిన సారాంశమిది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కు 21 ఏండ్ల వయస్సు మొదలు 28 ఏండ్ల వయస్సు వరకు ప్రయోగశాలలో పరీక్షలు జరిగినవి. సాధన మంచి స్థితిలో నున్నపుడు ఆతని శరీరము నిమిషమునకు గరిష్ఠముగా గ్రహింపగల ఆమ్లజని, అనగా ఆక్సిజన్, సుమారు 6 లీటర్లు. ఆ సంఖ్య చెప్పుకోదగినంత మారలేదు. మారినది కండరముల దక్షత. అది 8 శాతము పెరిగినది. దానికి తోడు పందెమునకు ముందు ఆతడు బరువు తగ్గెడివాడు. ఈ రెండును కలిసి, ఒక నియత పరిమాణమున ఆమ్లజని వాడుచున్నపుడు కిలోగ్రాము బరువునకు వచ్చు సామర్థ్యము 18 శాతము పెరిగినదట.

దక్షత యనగా నేమి? శరీరములో ఒక లీటరు ఆమ్లజని ఖర్చయినచో సుమారు 21 కిలోజౌళ్ల శక్తి విడుదల యగును. నిమిషమునకు 5 లీటర్లు ఖర్చు చేయువాని శరీరములో సెకనుకు 1,750 జౌళ్లు, అనగా 1,750 వాట్లు పుట్టుచున్నవన్నమాట. ఇందులో పెడలును త్రిప్పునది నాలుగవ వంతునకు తక్కువ. తక్కినదంతయు వేడియై, చెమటయై పోవును. మన బండి యెద్దు సంగతియు ఇంతే. కాయిల్ లెక్క ప్రకారము 1992 లో 374 వాట్లు పెడలునకు చేరగా, 1999 లో 404 వాట్లు చేరినవి. దక్షత రమారమి 21 శాతమునుండి 23 శాతమునకు పెరిగినదని అర్థము.

ఇప్పుడు ఆ 18 శాతము ఎట్లు వచ్చినదో చూడుడు. 1992 నాటి 374 వాట్లను నాటి బరువు 78.9 కిలోగ్రాములచే భాగించిన 4.74 వచ్చును. 1999 నాటి 404 వాట్లను 72 కిలోగ్రాములచే భాగించిన 5.61 వచ్చును. వృద్ధి 18 శాతము, సరిపోయినది. కాని ఆ 72 ఎక్కడిది? 1999 నవంబరులో ప్రయోగశాల త్రాసుమీద నిలిచినపుడు ఆతని బరువు దాదాపు 80 కిలోగ్రాములు. 72 అనునది టూర్ నాటి బరువుగా ఆతడు చెప్పుకొన్న సంఖ్య. లవము నవంబరుది, హారము జూలైది! అదే దినమున తూచిన బరువుచే భాగించినచో 5.05 మాత్రమే వచ్చును. వృద్ధి 7 శాతమునకు దిగిపోవును. మా కళాశాలలో మొదటి సంవత్సరపు విద్యార్థి తన ప్రయోగ పుస్తకములో ఇట్లు చేసినచో ఎఱ్ఱ సిరాతో గీత పడును. బరువు తగ్గినపుడు కండరముల శక్తి తగ్గక అట్లే నిలుచునను ఊహ ఇందులో దాగియున్నది. అది నిజము కావచ్చును గాని, ఎవరును కొలిచి చూచినది కాదు.

పరీక్షల సంఖ్యయు అంతే పలుచన. ఏడేండ్లలో అయిదు పరీక్షలు. 1993 సెప్టెంబరునకును 1997 ఆగస్టునకును నడుమ ఒక్కటియు లేదు. ఆ నడుమనే ఆతనికి క్యాన్సరు వచ్చినది, శస్త్రచికిత్సలు జరిగినవి, విషప్రాయమైన మందులు ఎక్కించినారు. పిమ్మట 1999 నవంబరు. టూర్ జరుగు జూలై నెలలో గాని, దానికి ముందు వారములలో గాని ఆతనిని ఎవరును ఆ యంత్రముపై కూర్చుండబెట్టలేదు. వ్యాసము వివరింపబూనినది మాత్రము జూలై విజయములనే.

ఇక ఉపకరణముల మాట. పట్టీ ఒరిపిడిచే సామర్థ్యమును కొలుచు సైకిలు యంత్రమును తరచుగా సరిచూచుకొనవలెను. పీల్చిన వాయువును కొలుచు పరికరమును గూడ అంతే. ఒక్కొక్క దానిలో రెండేసి శాతము తేడా వచ్చుట వింత కాదు. ఏడేండ్ల యెడములో రెండు తేడాలును ఒకే వైపునకు మొగ్గినచో, 8 శాతములో సగము వృద్ధి యంత్రములదే కావచ్చును. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 2005 లోనే ఈ తరహా అభ్యంతరములను అదే పత్రికకు లేఖగా వ్రాసిరి. 2008 లో మరల గోర్, ఆషెండెన్ మొదలగువారు, దక్షతను లెక్కించు రెండవ పద్ధతిలో తప్పు దొరలినదని చూపిరి. కాయిల్ దానిని అంగీకరించుచు, అది చిన్న తప్పనియు, తన నిర్ణయమును మార్చదనియు సమాధానమిచ్చిరి. ఆయనకు న్యాయము చేయుటకు ఒక మాట చెప్పవలెను: మొదటి పద్ధతిలో వచ్చిన 8 శాతమును ఆ తప్పు తాకదు.

దక్షత ఏల పెరిగినది? ఏండ్ల తరబడి దినమునకు మూడు నుండి ఆరు గంటలు కఠిన సాధన చేయుటచే కండరములలోని మయోసిన్ అను మాంసకృత్తు స్వభావము మారియుండునని కాయిల్ పరికల్పన. నెమ్మదిగా ముడుచుకొను కండర తంతువులు అధికముగా నున్నవారికి దక్షత ఎక్కువయని 1992 లో ఆయన బృందమే చూపినది కనుక ఈ ఊహ గాలిలోనుండి పుట్టినది కాదు. అయితే ఆర్మ్‌స్ట్రాంగ్ కండరమునుండి సూదితో ఒక్క తునకయు తీసి చూచినవారు లేరు. వ్యాసములో ఇది ఊహయేయని స్పష్టముగా నున్నది. ఊహ ప్రయోగశాల గడప దాటి వీధిలోనికి వచ్చునప్పటికి ఆ మాట రాలిపోయినది. ‘విజ్ఞానశాస్త్రము రహస్యమును ఛేదించినది’ అన్నంత వరకు పోయినది.

ఇది పండితుల తగవు మాత్రమే కాదు. గెలుపు బహుమానముగా ఇవ్వవలసిన 50 లక్షల డాలర్ల విషయమై ఎస్.సి.ఏ. ప్రమోషన్స్ అను సంస్థకును ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షమునకును మధ్యవర్తుల యెదుట వివాదము నడచినపుడు, కాయిల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షమున నిపుణ సాక్షిగా నిలిచిరి. ఎదుటి పక్షమున ఆషెండెన్ నిలిచిరి. 2006 లో ఆ సంస్థ 75 లక్షల డాలర్లు చెల్లించి రాజీ పడినది. ఒక మనుష్యునిపై జరిగిన అయిదు పరీక్షలు మోయదగిన బరువు కాదిది.

నిజముగా జరిగినదేమి? ఎరిత్రోపొయిటిన్ అను హార్మోను ఎముకల మూలుగను ప్రేరేపించి ఎఱ్ఱకణములను పెంచును. రక్తము మోయు ఆమ్లజని పెరుగును. ముందుగా తీసి దాచుకొన్న రక్తమును మరల ఎక్కించుకొనుట దానికి తోడు. మూత్రములో ఈ హార్మోనును గుర్తించు పరీక్ష 2000 లో గాని ప్రకటింపబడలేదు. ఇది పెంచునది ముఖ్యముగా ఆమ్లజని సరఫరాను, దక్షతను కాదు. అనగా కాయిల్ మారలేదన్న గడియలోనే అసలు మర్మము ఉండినది; నవంబరునాటి పరీక్ష జూలైనాటి రక్తమును చూపజాలదు. సత్యమును బయటికి తెచ్చినది శరీరధర్మశాస్త్రము కాదు. అమెరికా నిషిద్ధ ఔషధ నిరోధక సంస్థ 2012 లో సేకరించిన సాక్ష్యములలో 11 మంది ఆతని పాత సహచరులవి. మనుష్యులు నోరు విప్పినారు.

దీనిచే కొందరు ఎదుటి గట్టునకు దుమికిరి. కొండ యెక్కిన కాలమును గడియారముతో చూచి, వాట్లు కట్టి, ‘ఇది మానవునికి సాధ్యము కాదు’ అని తీర్పు చెప్పుట ఇప్పటి వాడుక. 2024 జూలై 14 న పిరెనీస్ పర్వతములలో ప్లేటో డి బెయ్ అను కొండను తదెయ్ పొగాచర్ 40 నిమిషములకు కొంచెము తక్కువలో ఎక్కినాడు. 1998 లో పంతాని వేసిన గుర్తు దానికన్న మూడు నిమిషములకు పైగా ఎక్కువ. లెక్క కట్టి చూతము. ఎత్తు సుమారు 1,250 మీటర్లు. కావున సెకనుకు 52 సెంటీమీటర్లు పైకి. గురుత్వమును జయించుటకే, సైకిలుతో కలిపిన మొత్తపు బరువులో కిలోగ్రాముకు 5.1 వాట్లు కావలెను. ఇంతవరకు గట్టి నేల. సైకిలు, బట్టలు కలిపి ఎంత తూగెను? గాలి ఎదురా, వెనుకయా? ముందు వానిచాటున ఎంతసేపు పోయినాడు? టైర్ల ఒరిపిడి ఎంత? వీనిని మీరు ఎట్లు అనుకొందురో దానిని బట్టి ఆ మనిషి బరువులో కిలోగ్రాముకు ఆరున్నర నుండి ఏడు వాట్ల వరకు ఏదైనను రావచ్చును. ఇంత వెడల్పుగల సంఖ్యపై ఒకనిని దోషి యనుట తగదు; పొగాచర్ ఏ పరీక్షలోను పట్టుబడినవాడు కాడు. అటులనే, గంటకు వంద గ్రాములకు పైగా పిండిపదార్థము మ్రింగుచున్నారు, సైకిళ్లు మేలైనవి, కావున సందేహము వలదనుటయు సమాధానము కాదు. అవి నిజమే, ఉపయోగకరమే. అయితే నాటి ‘కండరముల దక్షత’ వలె అవియు విజయము చూచిన తరువాత వెదకి తెచ్చిన కారణములు. ఎవని విషయమున ఏ కారణము ఎన్ని వాట్లు కలిపినదో విడదీసి చూపనంతవరకు అవి శంకను పెంచవు, తీర్చవు.

క్రిస్ ఫ్రూమ్ 2015 లో శంకలు తీర్చుటకై తానే లండనులో పరీక్ష చేయించుకొన్నాడు. ఆతనిపై నిషేధమేదియు పడలేదు. ఆ పూనిక మెచ్చదగినదే. ఫలితము: బరువు 69.9 కిలోగ్రాములు, కిలోగ్రాముకు నిమిషమునకు గరిష్ఠ ఆమ్లజని 84.6 మిల్లీలీటర్లు. దానితో పోల్చుటకు 2007 నాటి స్విట్జర్లాండు పరీక్ష కాగితమొకటి చూపినారు: 75.6 కిలోగ్రాములు, 80.2 మిల్లీలీటర్లు. గుణించి చూడుడు: రెండు మారులును మొత్తము ఆమ్లజని 6 లీటర్ల చెంతనే యున్నది. యంత్రము మొదటినుండియు ఉన్నది, కొవ్వు మాత్రమే కరిగినదని వివరణ. టూర్ నాటి తక్కువ బరువుతో భాగించి 88 అని మరియొక సంఖ్యయు చెప్పినారు. మరల రెండే బిందువులు, నడుమ ఎనిమిదేండ్ల ఖాళీ, మరల వేరొక దినపు బరువు. 2008 నుండి సైకిలు సమాఖ్య వృత్తి పోటీదారుల రక్తపు విలువలను ఏడాది పొడవున వరుసగా నమోదు చేయుచున్నది. ఆ పట్టికలు నిపుణుల యెదుటకు పోవును గాని, మామూలు పాఠకుని యెదుటకు రావు.