పంపు తెలిసిన ఊరు

బావి మీద పంపు నీళ్లు ఎత్తకపోతే మా కోయంబత్తూరు వైపు తెలుగిళ్లలో మోటారును ఎవరూ తిట్టరు. గాలి ఎక్కడ పడుతోందో చూస్తారు. ఫుట్‌వాల్వ్ కారుతోందా, గ్లాండ్ వదులైందా, పైపు అతుకులో సందుందా అని ఒక్కొక్కటీ వెతుకుతారు. ఆ మాటలు వింటూ పెరిగాను కాబట్టేమో, రాకెట్ల గురించి చదివేటప్పుడు నా మనసు ముందుగా పంపు మీదికే పోతుంది. చదివిన కొద్దీ, అక్కడా అసలు కష్టం దానితోనే అని తెలిసింది.

పీఎస్‌ఎల్‌వీ రెండో అంచెలోని వికాస్ ఇంజిన్‌నే తీసుకోండి. సుమారు 40 టన్నుల ద్రవాలను దాదాపు రెండున్నర నిమిషాల్లో మండించేస్తుంది. అంటే సెకనుకు పావు టన్నుకు పైనే. వాతావరణ పీడనానికి 50 రెట్లు మించిన ఒత్తిడి ఉన్న దహన గదిలోకి వాటిని ఎదురు నెట్టాలి. నీటి ఎత్తులో చెప్పుకుంటే అది 500 మీటర్లు దాటుతుంది. వెయ్యి అడుగుల బోర్లు వేసి నీటికోసం చూసిన రైతుకు ఆ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఈ పని టర్బోపంపుది. ఇంధనంలో కొద్ది భాగాన్ని విడిగా మండించి, ఆ వాయువుతో టర్బైన్‌ను తిప్పుతారు. అదే ఇరుసు మీద ఇంధనానికో పంపు, ఆక్సీకరణికో పంపు ఉంటాయి. వాటితో పాటు నీళ్లకూ ఒక పంపు ఉంటుంది. టర్బైన్‌కు వెళ్లే వాయువు మరీ వేడెక్కకుండా అందులో నీళ్లు చల్లుతారు. మన బావి మోటారు నిమిషానికి 2,880 చుట్లు తిరిగితే, ఈ టర్బోపంపు సుమారు 10 వేలు తిరుగుతుంది. సూత్రం మాత్రం ఒకటే. తిరిగే ఇంపెల్లర్ ద్రవాన్ని అంచుకు విసురుతుంది, ఆ వేగం కేసింగ్‌లో ఒత్తిడిగా మారుతుంది.

ట్యాంకులోనే వాయువు ఒత్తిడి పెట్టి ఇంధనాన్ని తోయవచ్చు కదా అంటారా? చిన్న ఇంజిన్లలో అలాగే చేస్తారు. పెద్దవాటికి అంత ఒత్తిడిని ఓర్చుకునేలా ట్యాంకు గోడలు మందంగా కట్టాలి, బరువు పెరిగిపోతుంది. భూమికి దగ్గరి కక్ష్యలో నిలవాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. చివరి అంచెలో ఒక కిలో దండగ బరువు చేరితే ఉపగ్రహంలో ఒక కిలో తగ్గించుకోవాల్సిందే. ట్యాంకును పలచగా ఉంచే వీలు ఇచ్చేది పంపే.

ఇక మా ఊళ్లకు పంపు ఎలా వచ్చిందంటే, మా పూర్వీకులు విజయనగర, నాయకరాజుల కాలంలో కోయంబత్తూరు చుట్టుపక్కల ఈ నల్లరేగడి నేలలకు వచ్చి స్థిరపడ్డారు. ఇక్కడ సేద్యానికి బావే దిక్కు. ఎద్దులతో మోట తోలిన చోటికి 1930లలో పైకారా జలవిద్యుత్తు వచ్చింది. 1893లో కలంగల్ గ్రామంలో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడుతో కలిసి 1937లో కోయంబత్తూరులోని పీలమేడులో తయారు చేసిన కరెంటు మోటారుకు, దేశంలోనే తొలి మోటారు అని పేరు. ఆ వెనకే ఫౌండ్రీలు, పంపుల కార్ఖానాలు పెరిగాయి. పీలమేడు నాయుళ్ల పీఎస్‌జీ ధర్మసంస్థ 1951లో ఇంజినీరింగ్ కళాశాల పెట్టింది. చంద్రయాన్-1 ప్రాజెక్టు డైరెక్టర్ మయిల్‌స్వామి అన్నాదురై ఎం.ఇ. చేసింది అక్కడే.

పంపు షెడ్డులో నాకు ఎప్పుడూ చూడాలనిపించేది ఇంపెల్లర్ తూకం సరిచేసే పని. మేస్త్రీ దాన్ని ఒక కడ్డీకి గుచ్చి, సమమట్టంగా ఉన్న రెండు పలచటి పట్టాల మీద పెడతాడు. వేలితో మెల్లగా తిప్పి వదులుతాడు. బరువైన వైపు దానంతటదే కిందికి వచ్చి ఆగుతుంది. అక్కడ సుద్దముక్కతో గీత గీసి, కాస్త అరగదీసి, మళ్లీ తిప్పుతాడు. ఎక్కడ వదిలినా అక్కడే నిలిచేదాకా ఆ పని ఆపడు. తూకం తప్పితే బేరింగు పోతుంది, తిరిగే భాగానికీ కేసింగ్‌కూ మధ్య సందు తప్పితే ఇరుసు పట్టేస్తుంది.

ఆ సందు ఎంత ఖరీదైనదో 2010 ఏప్రిల్ 15న దేశమంతా చూసింది. మన సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో తొలిసారి శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ-డి3 లేచిన రోజది. అందులోని ద్రవ హైడ్రోజన్ మైనస్ 253 డిగ్రీల చలిలో ఉంటుంది. ప్రధాన పంపు నోటి దగ్గర ఒత్తిడి చాలకపోతే ద్రవం అక్కడే ఆవిరి బుడగలవుతుంది, పంపు పట్టు తప్పుతుంది. అందుకే ముందు ఒక చిన్న బూస్టర్ పంపు పెడతారు. ఆ రోజు ఆ బూస్టర్ పంపు నిమిషానికి 34,800 చుట్ల వేగం అందుకుంది. ఇంజిన్ అంటుకున్న సెకను లోపే వేగం పడిపోయి, మరో అర సెకనుకు కాస్త అటూ ఇటూగా ఆగిపోయింది. రాకెట్ సముద్రం పాలైంది. సీలు దగ్గర రోటరు పట్టేసి ఉండాలి, లేదా టర్బైన్ కేసింగ్ చిట్లి ఉండాలి అని ఇస్రో విచారణ తేల్చింది. గడ్డకట్టే చలికి బేరింగు, కేసింగు ముడుచుకునే తీరును మళ్లీ లెక్కగట్టి పంపును సవరించారు. 2014 జనవరి 5న డి5 రాకెట్ జీశాట్-14ను కక్ష్యలో పెట్టింది.

ఈ రెండు తేదీల మధ్య నడిచినదాన్ని నేను గొప్ప ఇంజినీరింగ్ అంటాను. కొత్త సూత్రమేదీ కనిపెట్టలేదు. లోహం చలికి ఎంత ముడుచుకుంటుందో, ఎంత సందు వదలాలో ఓపికగా తేల్చుకున్నారు. సమీకరణం రాయగలవాళ్లు మన కళాశాలల్లో ఏటా వేలమంది తయారవుతున్నారు. సందు ఎంతుండాలో చేత్తో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఈ రెండు విద్యలూ ఒకే మనిషిలో కలిస్తేనే రాకెట్ లేస్తుంది.

రాకెట్లు కట్టాలని కలగనే విద్యార్థులకు నాదొక మనవి. ఈ సెలవుల్లో కోయంబత్తూరులోని పీలమేడుకో గణపతి ప్రాంతానికో వెళ్లి ఒక పంపు వర్క్‌షాపులో అడగండి. ఒక ఇంపెల్లర్‌ను పోత పోసిన దగ్గర్నుంచి పరీక్ష బల్ల ఎక్కేదాకా దగ్గరుండి చూడండి. అడిగితే కాదనే మేస్త్రీ నాకింతవరకు తారసపడలేదు.