ఆశా కార్యకర్త నేర్పు

ఆశా కార్యకర్తల వ్యవస్థ 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో మొదలైంది. పల్లెల్లో సుమారు వెయ్యి జనాభాకు ఒకరు ఉంటారు. గర్భిణుల నమోదు, కాన్పుకు తోడు వెళ్లడం, టీకాలు వేయించడం, క్షయ రోగి మందులు మానకుండా చూడడం వారి పనులు. అసలు నేర్పు మాట తీరులో ఉంది. నెలలు నిండిన కోడలి భయాన్నీ, టీకా వేస్తే బిడ్డకు జ్వరం వస్తుందనే అత్త బెంగనూ, ఖర్చుకు జంకే ఇంటాయన చిరాకునూ ఓపిగ్గా విని, ఎవరినీ నొప్పించకుండా ఒప్పించడం సామాన్యమైన విద్య కాదు. విన్న బాధంతా ఆశా కార్యకర్త మనసులోనే మిగిలిపోతుంది. అర్ధరాత్రి ఫోను మోగినా లేవాలి, రిజిస్టర్లూ రాయాలి. ఇంత చేసినా ప్రభుత్వం దృష్టిలో ఆమె స్వచ్ఛంద సేవకురాలు, అందేది పారితోషికమే. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు పురస్కారం ఇచ్చింది, అది వారికి ఎంతైనా తగినది. అలసట తీరాలంటే మాత్రం స్థిరమైన జీతం, వారానికో సెలవు, మనసు విప్పి చెప్పుకునే తోడు కావాలి.