కారుకు నప్పే టైరు

2012లో టొయోటా 86 మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని టైర్ల మీది పేరు చదివి కార్ల పత్రికలవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. మిషెలిన్ ప్రైమసీ హెచ్‌పీ, 215/45ఆర్17. పెట్రోలు పొదుపుకు పేరుపడ్డ ప్రియస్‌కు వేసే టైరే అది! 200 హార్స్‌పవర్ ఇంజిను, వెనక చక్రాల డ్రైవ్ ఉన్న స్పోర్ట్స్ కారుకు ఇదేం టైరని అడగనివాళ్లు లేరు. చీఫ్ ఇంజినీరు తెత్సుయా తదా బృందం లెక్క వేరు. రోడ్డు పట్టు మరీ ఎక్కువైతే, కారు జారడం మొదలయ్యేసరికే వేగం ప్రమాదకరంగా పెరిగిపోయి ఉంటుంది. పట్టు కాస్త తక్కువైతే మామూలు వేగంలోనే కారు తీరు నడిపేవాళ్ల చేతికి తెలిసిపోతుంది.

ఆ టైర్లు అరిగాక, కొందరైతే అరగకముందే, యజమానులు ఇంకా వెడల్పాటి, మెత్తటి రబ్బరు టైర్లు వేయించుకున్నారు. మలుపుల్లో వేగం పెరిగింది, బ్రేకు వేస్తే కారు తొందరగా ఆగింది. యాక్సిలరేటరు మీద కాలు ఆడిస్తూ కారు వెనక భాగాన్ని అదుపు చేసే సరదా మాత్రం చాలావరకు పోయింది. ఈ రెండు రుచులూ టొయోటాకు తెలుసు. అందుకే 2021 నాటి తర్వాతి తరం జీఆర్86లో కొన్ని రకాలకు అదే 17 అంగుళాల ప్రైమసీ, ఖరీదైన వాటికి 18 అంగుళాల పైలట్ స్పోర్ట్ 4 వేసింది.

మంచి టైరు ఏదని అడిగితే దుకాణదారు అన్నిటికన్నా ఖరీదైనది చూపిస్తాడు. ఈ కారుకు ఏది నప్పుతుందో చెప్పాలంటే టైరు పనితీరు కొంత తెలియాలి.

ఒక్కో చక్రం కింద నేలను అంటుకునే రబ్బరు సుమారు అరచేయంత. స్టీరింగు తిప్పగానే రిమ్ము తిరుగుతుంది. నేలను పట్టుకున్న రబ్బరు వెంటనే తిరగదు. సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, మెలిపడి దాన్ని లాక్కొస్తుంది. దాంతో టైరు చూసే దిక్కుకూ, అది నిజంగా పోయే దిక్కుకూ మధ్య కొద్ది డిగ్రీల తేడా వస్తుంది. ఇంజినీర్లు దీన్ని స్లిప్ యాంగిల్ అంటారు. ఆ కోణం పెరిగేకొద్దీ కారును మలుపు తిప్పే బలం పెరుగుతుంది, ఒక హద్దు దాటాక తగ్గిపోతుంది. కొన్ని టైర్లు ఆ హద్దు దగ్గర పడుతోందని ముందే స్టీరింగు ద్వారా చెబుతాయి. కొన్ని చివరిదాకా గట్టిగా పట్టి ఉంచి ఒక్కసారిగా వదిలేస్తాయి.

గుంత తగిలినప్పుడు మొదట అణిగేది కూడా ఆ సైడ్‌వాలే, సస్పెన్షన్ వంతు తర్వాత. జీఆర్86 అంకెలే చూస్తే, 215/45ఆర్17 టైరు సైడ్‌వాల్ ఎత్తు దాదాపు 97 మిల్లీమీటర్లు, 215/40ఆర్18కి 86. మొత్తం చక్రం వ్యాసంలో తేడా 4 మిల్లీమీటర్లే కాబట్టి స్పీడోమీటరు లెక్క పెద్దగా మారదు. కానీ కుదుపును మింగే చోట 11 మిల్లీమీటర్లు తగ్గుతుంది. స్టీరింగుకు కారు చురుగ్గా స్పందిస్తుంది, అతుకుల రోడ్డు మీద నడుముకూ ఆ చురుకు తెలిసొస్తుంది.

కారుకు సరిపడా టైరే చాలన్న లెక్కను దశాబ్దాలుగా పట్టుకుని ఉన్న కారు మాజ్డా ఎంఎక్స్-5. 1989లో 940 కిలోల బరువుతో వచ్చిన మొదటి తరానికి 185/60ఆర్14 టైర్లు వేశారు. 2015 నాటి నాలుగో తరం జపాన్ మోడల్లో 1.5 లీటర్ల కారు టైరు వెడల్పు 195 మాత్రమే. పాతికేళ్లు దాటినా పెరిగింది పది మిల్లీమీటర్లు! కారు తేలికైనది కనుక సన్నటి టైరు సరిపోతుంది. చక్రం బరువు తక్కువైతే గతుకుల మీద సస్పెన్షన్ దాన్ని సులువుగా అదుపు చేస్తుంది. ఇలాంటి కారుకు 225 టైరు వేస్తే స్టీరింగు బరువెక్కుతుంది, రోడ్డు గాడి ఎటు లాగితే అటు పోతుంది, నీళ్లు నిలిచిన చోట టైరు తేలిపోయే ముప్పూ పెరుగుతుంది.

బీఎండబ్ల్యూ మొదటి తరం జెడ్4 నేర్పేది ఇంకో పాఠం. దానికి కంపెనీయే రన్‌ఫ్లాట్ టైర్లు వేసింది. గాలి పోయినా కొంత దూరం నడవాలి కాబట్టి వాటి సైడ్‌వాల్ చాలా గట్టిగా ఉంటుంది. ప్రయాణం మొరటుగా ఉందని విసిగిన యజమానులు ఎందరో మామూలు టైర్లకు మారారు. షాక్ అబ్జార్బర్లు ముట్టుకోకుండానే కారు మెత్తబడింది. కాకపోతే అందులో స్టెప్నీ లేదు. అలా మార్చినవాళ్లు పంక్చర్ కిట్టు, చిన్న గాలి పంపు డిక్కీలో పెట్టుకోక తప్పదు.

పోర్షే పద్ధతి మరీ కట్టుదిట్టం. తాను పరీక్షించి ఒప్పుకున్న టైరు సైడ్‌వాల్ మీద ఎన్0, ఎన్1 వంటి గుర్తు ఉంటుంది. అదే కంపెనీ, అదే పేరున్న టైరైనా ఆ గుర్తు లేకపోతే లోపలి అల్లికో, రబ్బరు మిశ్రమమో వేరుగా ఉండొచ్చు. పాత కార్ల విషయంలోనూ ఈ శ్రద్ధ ఉంది. పాత 911ల కోసం పిరెల్లి తన నాటి సీఎన్36 టైరును పాత రూపంలోనే, నేటి రబ్బరుతో మళ్లీ తయారు చేస్తోంది. ఆ కార్ల సస్పెన్షన్‌ను కుదిర్చింది అలాంటి టైరు మీదే కదా.

ట్రాక్ మీద తిరగడానికి చేసిన సెమీ స్లిక్ టైర్ల మోజు వేరు. వేడెక్కిన పొడి రోడ్డు మీద వాటికి సాటి లేదు. గాడులు తక్కువ కాబట్టి జోరువానలో అవే భయపెడతాయి. వారానికి అయిదు రోజులు ఆఫీసుకు వెళ్లే కారుకు అవి దండగ.

టైరు మార్చాక చాలామంది మరిచేది గాలి. నాలుగో తరం ఎంఎక్స్-5కు మాజ్డా చెప్పింది 29 పీఎస్ఐ. అందరికీ కొట్టినట్టు 35 కొట్టిస్తే నేలను తాకే రబ్బరు తగ్గి కారు బంతిలా ఎగురుతుంది. గాలి వేడి సుమారు 6 డిగ్రీలు పెరిగితే ఒక పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి కారు తిరగకముందే, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

కొనేవాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. 205/45ఆర్17 84డబ్ల్యూ అని ఉంటే 84 అంటే ఒక్కో టైరు 500 కిలోలు మోస్తుందని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్లు తట్టుకుంటుందని అర్థం. కంపెనీ చెప్పినదానికన్నా ఈ రెండూ తగ్గకూడదు. సైడ్‌వాల్ మీద 2324 అని ఉంటే అది 2024లో 23వ వారం తయారైన టైరు. ఏళ్ల తరబడి గోడౌనులో పడి ఉన్న సరుకును తగ్గింపు ధరకు అంటగడితే వద్దనండి. వీలైతే నాలుగూ ఒకే రకం వేయించండి. రెండే కొంటే, నాలుగు చక్రాలకూ ఒకే సైజు ఉన్న కారులో కొత్తవి వెనక్కి వేయించండి, తడి రోడ్డు మీద కారు వెనక భాగం జారకుండా ఉంటుంది. అలైన్‌మెంట్ చేయించి, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిదానంగా నడపండి. టైరు అసలు గుణం ఆ తర్వాతే బయటపడుతుంది, నచ్చిందో లేదో అప్పుడు తేల్చుకోవచ్చు.