పలక - టాబ్లెట్: నామం, గుర్తింపు - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:
మార్కాపురం పేరు పలకతో పెనవేసుకుపోయింది. అక్కడి రాతిని పొరలుగా చీల్చి, కోసి, చెక్క చట్రం బిగించి బడిపిల్లల చేతికిచ్చిన పరిశ్రమ అది. నోటుపుస్తకాల వాడుక పెరిగాక ఆ రాయి గోడలకు, నేలకు పరిచే బిళ్ళగా మారింది. పదార్థం ఒకటే అయినా పనినిబట్టి పేరు మారింది. భూగర్భ శాస్త్రం ఈ రాతిని కంభం పేరుగల శిలావిభాగంలో చేర్చగా, అంగడి దానిని మార్కాపురం పేరుతోనే గుర్తిస్తుంది. శాస్త్రానికి ఒక నామం, వ్యవహారానికి మరొకటి. చిత్రలేఖన టాబ్లెట్లను ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ గుర్తించే తీరులోనూ ఈ ద్వైధం ఉంది.

2. ఒకే సంఖ్య - అనేక పరికరాలు:
లినక్స్‌లో ‘లిబ్‌వాకమ్’ అనే లైబ్రరీ టాబ్లెట్ నమూనాలకు చిన్నచిన్న వివరణపత్రాలను కలిగి ఉంటుంది. వాటిలో మనిషి చదివే పేరు ఒకచోట, యంత్రం పోల్చుకునే పంక్తి వేరొకచోట ఉంటాయి. ఆ పంక్తికి ఆధారం అనుసంధాన మార్గం, తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య. వాకమ్ సంస్థ తయారీదారు సంఖ్య 056ఎ. ఒక సంఖ్యాద్వయానికి ఒకే నమూనా ఉన్నంతవరకు ఈ పద్ధతిలో లోపం లేదు. కాని హుయాన్ టాబ్లెట్లలో పలు నమూనాలు 256సి:006ఇ అనే ఒకే జంటను పంచుకున్నాయి. నమూనాను పొరబడితే పలక కొలతలు, మీటల సంఖ్య తప్పుతాయి. అందువల్ల పోల్చుకునే పంక్తిలో పరికరం ప్రకటించుకునే పేరుకు, ఫర్మ్‌వేర్ గుర్తుకు కూడా చోటు కల్పించవలసి వచ్చింది.

ఇది నానార్థ నిర్ణయం వంటిదే. ‘పలక’ బడిలో రాతసాధనం, చిత్తూరు ప్రాంతంలో వాద్యం. భర్తృహరి చెప్పిన అర్థనిర్ణాయకాలలో సంయోగం ఒకటి. శంఖచక్రాల సంయోగం ‘హరి’ శబ్దానికి విష్ణువనే అర్థాన్ని నిర్ణయించినట్లు, ఫర్మ్‌వేర్ గుర్తు సంయోగం సందిగ్ధ సంఖ్యకు నమూనాను నిర్ణయిస్తుంది.

అయితే ఈ పరిష్కారం మరొక చిక్కును తెచ్చింది. ‘పేరు’ ఇప్పుడు ఒకే పత్రంలో రెండు పనులు చేస్తున్నది. ఒకటి చదవడానికి, మరొకటి సరిపోల్చడానికి. మొదటిదాన్ని అనువదించవచ్చు. రెండవదానిలో ఒక్క అక్షరం మారినా పరికరం గుర్తింపునకు రాదు.

3. తెలుగు పదం:
తెలుగు వ్యవహారంలో ‘టాబ్లెట్’ అనగానే ముందుగా స్ఫురించేది మందుమాత్ర. ఆ మాటకు మూలమైన లాటిన్ పదానికి చెక్కపలక అని అర్థం కనుక ‘పలక’ యుక్తమైన పర్యాయమే. కాని దాని పరిధిని గమనించాలి. రాతిపలకపై బలపం గీత గీసినచోటనే కనిపిస్తుంది. తెరలేని టాబ్లెట్‌పై కలం కదిలితే గీత ఎదుటి తెరమీద ఏర్పడుతుంది. తెర ఉన్న పరికరమే రాతిపలకకు సన్నిహితం. లిబ్‌వాకమ్ కూడా తెరలో ఇమిడిన పరికరాన్ని వేరుగా పేర్కొంటుంది. కనుక ఒకదాన్ని ‘గీతపలక’ అనీ, మరొకదాన్ని ‘తెరపలక’ అనీ వ్యవహరిస్తే పదం వస్తుభేదాన్ని చూపగలుగుతుంది.

4. ముగింపు:
సాఫ్ట్‌వేర్ తెలుగీకరణ పదకోశ నిర్మాణం మాత్రమే కాదు. ఏ పేరు మనిషికోసం, ఏ పేరు యంత్రంకోసం అన్న వివేచన అనువాదానికి ముందే జరగాలి. ఆ వివేచన లోపిస్తే పదం ఎంత అందమైనదైనా పలకపై గీత పడదు.