బేరం లేని అంగడి

పుస్తకాన్ని సమీక్షించినట్టే అంగడిని కూడా సమీక్షించవచ్చునని నాకు మొన్నటిదాకా తోచలేదు. నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. కనుక ఇందులో అలంకారశాస్త్రం తక్కువగాను, జమాఖర్చు ఎక్కువగాను ఉంటే పాఠకులు మన్నించాలి.

పోయిన నెల ఒక ఆదివారం మా మేనత్తను వెంటబెట్టుకుని మద్రాసు రాయపేటలో, వైట్స్ రోడ్డు మీద ఉన్న ఎక్స్‌ప్రెస్ ఎవెన్యూకు వెళ్ళాను. అత్తకు ఎనభై దాటాయి. చూళైలో పుట్టి చూళైలోనే మెట్టిన మనిషి. "అందరూ పోతా ఉండారే, అందులో ఏముందో నేనూ చూడాల" అని పట్టుబట్టింది.

ఆ చోటికి చరిత్ర ఉంది. 1832లో పుట్టిన మద్రాస్ క్లబ్బు ఒకప్పుడు అక్కడే ఉండేది. దొరలకు తప్ప మనవాళ్ళకు అందులో సభ్యత్వం లేదు. తర్వాత ఆ స్థలం రామ్‌నాథ్ గోయెంకా చేతికి వచ్చి ఎక్స్‌ప్రెస్ ఎస్టేట్ అయింది. 1938లో మద్రాసులో మొదలై, నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో పేరు తెచ్చుకున్న మన ఆంధ్రప్రభ అప్పట్లో ఆ సంస్థదే. ఆ పత్రిక బెజవాడకు తరలిపోయి చాలా కాలమైంది. 2010లో ఆ స్థలంలో ఈ మాల్ తెరిచారు. బట్టలూ చెప్పులూ అమ్మే అంగళ్ళు, తిండి శాలలు, ఎనిమిది తెరల సినిమా, అన్నీ ఒకే కప్పు కింద.

ముందు గుణాలు చెప్పాలి. చల్లగా ఉంది, శుభ్రంగా ఉంది. ముసలివాళ్ళకు లిఫ్టు ఉంది, ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఉంది. మన పాత బజార్లు ఈ రెండింటినీ ఏనాడైనా పట్టించుకున్నాయా? పైసా కొనకుండా సాయంత్రమంతా తిరిగినా "ఏం కావాలి?" అని నిలదీసేవారు లేరు. దొరల క్లబ్బు ఉన్నచోట మా అత్త చేతికర్ర ఆనించి దర్జాగా నడిచింది. ఇది చిన్న సంగతి కాదు.

ఇక లోపం. ఒక అంగట్లో అత్త దుప్పటి చేతిలోకి తీసుకుని, నేసిన తీరు వేలితో తడిమి చూసి, "ఎంతకిస్తావు నాయనా?" అంది. అక్కడి కుర్రవాడు నవ్వుతూ చీటీ చూపించాడు. "అది సరే, నాకెంతకిస్తావు?" అంది అత్త. ఆ ప్రశ్నకు ఆ కుర్రవాడి దగ్గర జవాబు లేదు.

తప్పు అతనిది కాదు, లెక్కది. ఇలాంటి మాల్స్‌లో అంగడివాళ్ళు చాలామంది అద్దెతోపాటు అమ్మకాల్లో వాటా కూడా కట్టే ఒప్పందం మీద ఉంటారు. ప్రతి అమ్మకమూ కంప్యూటరుకు ఎక్కాలి. ధర ఎక్కడో ముఖ్య కార్యాలయంలో నిర్ణయమై వస్తుంది. ఎదుట నిలబడ్డ మనిషికి అర్ధ రూపాయి తగ్గించే అధికారం లేదు. అధికారం లేనివాడితో బేరమేమిటి?

అత్తకు తెలిసిన అంగడి జార్జిటౌనులోని కొత్తవాల్ చావడి. 1996లో ఆ టోకు వ్యాపారం కోయంబేడుకు తరలిపోయేదాకా అది పట్నానికే కూరగాయల కొట్టం. పక్కనే మన కోమట్లు కొలిచే కన్యకాపరమేశ్వరి గుడి. అక్కడ బేరమంటే ధర ఒక్కటే కాదు. ఊరేది, బిడ్డలెందరు, పోయినసారి ఇచ్చిన వంకాయలు పుచ్చులెందుకున్నాయి, ఇవన్నీ అయ్యాకే తక్కెడ లేచేది. చివర కొసరు పడేది. ఒకటి కొంటే ఒకటి ఉచితం అనేది కొసరు కాదు. అది అందరికీ ఒక్కటే. కొసరు మనిషిని చూసి వేసేది.

బేరంలో మోసం లేదా అని మీరడగవచ్చు. ఉంది. నోరులేనివాడు అక్కడ నష్టపోతాడు. చీటీమీది ధర అతనికి రక్షణే. ఇది నేను కాదనను. కానీ మనబోటి వాళ్ళ జమాఖర్చులో ఇంకొక పద్దు ఉంది. తమిళనాట మన ఇళ్ళలో చాలామందికి తెలుగు మాటే గాని రాత లేదు. 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయ్యాక బళ్ళలో తెలుగుకు చోటు మరీ తగ్గింది. మిగిలింది ఇల్లు, అంగడి. బేరమాడాలంటే సామెత కావాలి, ఎత్తిపొడుపు కావాలి, బతిమాలడం తెలియాలి. చదువురాని మా అత్తకు అంత తెలుగు నేర్పిన బడి ఆ అంగడే. చీటీమీది గీతలు చదివే యంత్రానికి ఏ భాషా అక్కర్లేదు. తెలుగే కాదు, తమిళమూ అక్కర్లేదు.

దుప్పటి కొన్నాము, చీటీమీది ధరకే. సంచీ అందిస్తూ ఆ కుర్రవాడు మెల్లగా, "జాగర్తగా దిగు అవ్వా" అన్నాడు. అత్త గిరుక్కున తిరిగింది.

"నువ్వు మనోడివేనా? ఏ ఊరు?"

"తిరుత్తణి పక్కన అవ్వా."

అంతసేపూ ఇద్దరి నోటిలోనూ తెలుగు ఉంది. అతనికి దాన్ని బయటికి తీసే పని పడలేదు. వెనక వరుసలో జనం నిలబడి ఉన్నారు. అతను తర్వాతి సంచీ అందుకున్నాడు.

దారిలో అత్త అంది: "దుప్పటి మంచిదే. ఆ పిల్లోడి ఇంటి పేరు అడగనేలేదురా."