పైత్యరసాన్ని గోడలో కలుపుకున్న తిత్తి

పోలియో టీకా నోట్లో చుక్కలుగా వేసినా పనిచేస్తుంది. హెపటైటిస్‌-బి టీకాను మాత్రం సూదితోనే ఎక్కించాలి. పోలియో చుక్కల్లో ఉన్నది బలహీనపరచిన బతికున్న వైరస్‌. పేగుల్లో ఎలా నెగ్గుకురావాలో దానికి ఒకరు నేర్పనక్కరలేదు. హైదరాబాద్‌లో భారత్‌ బయోటెక్‌ తయారుచేసే రోటావైరస్‌ చుక్కల టీకా రోటావాక్‌దీ అదే దారి. హెపటైటిస్‌-బి టీకాలో వైరస్‌ ఉండదు, దాని పైపొరలోని ఒక ప్రోటీన్‌ మాత్రమే ఉంటుంది. దాన్ని మింగితే కడుపు టీకా అనుకోదు, భోజనం అనుకుంటుంది. ఆమ్లం దాని మడతలు విప్పేస్తుంది, పెప్సిన్‌ ముక్కలు చేస్తుంది, ఇంకేమైనా మిగిలితే చిన్నపేగులో ట్రిప్సిన్‌ సంగతి చూస్తుంది.

కొవ్వు పొరతో ఓ సూక్ష్మమైన తిత్తి చేసి, ప్రోటీన్‌ను అందులో దాచి పంపొచ్చు కదా అన్న ఆలోచన పాతదే. 1960లలో కేంబ్రిడ్జ్‌ దగ్గరి బాబ్రహాంలో అలెక్‌ బాంగ్హామ్‌ ఇలాంటి తిత్తులను, అంటే లైపోజోములను, వర్ణించాక మందులవాళ్ల చూపు వాటి మీద పడింది. అయితే మామూలు లైపోజోముకు చిన్నపేగులో పైత్యరసం ఎదురవుతుంది. కొవ్వును చెదరగొట్టడమే దాని ఉద్యోగం. జిడ్డు గిన్నె మీద సబ్బు చేసే పనే అది తిత్తి గోడ మీదా చేస్తుంది. గోడ కరిగి, దాచిన సరుకు బయటపడుతుంది.

గ్లాస్గోలోని స్ట్రాత్‌క్లైడ్‌ విశ్వవిద్యాలయంలో కొనాకర్‌, అలెగ్జాండర్‌, బ్రూవర్‌లు ఇక్కడే ఓ చక్కని ఎత్తు వేశారు. పైత్యరసంలో కొవ్వును కరిగించే లవణాన్నే, అంటే డీఆక్సీకోలేట్‌ను, తయారీలోనే గోడలో కలిపేశారు. పైత్య లవణాలు ముందే ఇమిడిన పొరను బయటినుంచి వచ్చే పైత్యం తేలిగ్గా చెదరగొట్టలేదు. 2001లో ‘వ్యాక్సిన్‌’ పత్రికలో అచ్చయిన వారి వ్యాసం ఈ తిత్తులను బైలోజోములుగా పరిచయం చేసింది. నాకు నచ్చేది ఇందులోని నిబ్బరం. శత్రువును తప్పించుకునే మరో తొడుగు కోసం వెతకలేదు, శత్రువునే ఇటుకల్లో కలిపి గోడ కట్టారు. పాళ్లు మాత్రం చాలా జాగ్రత్తగా చూసుకోవాలి. లవణం తక్కువైతే కాపు చాలదు, ఎక్కువైతే పేగుదాకా పోకముందే గోడ తనంతట తానే కరుగుతుంది.

తయారీలో పనితనం మరింత బాగా కనిపిస్తుంది. మోనోపాల్మిటిన్‌, కొలెస్ట్రాల్‌, డైసిటైల్‌ ఫాస్ఫేట్‌ సాధారణంగా 5:4:1 పాళ్లలో పడతాయి. మొదటిది గోడకు అసలు పదార్థం. కొలెస్ట్రాల్‌ దానికి బిగువునిస్తుంది. మూడోది రుణావేశాన్నిస్తుంది, దాంతో తిత్తులు ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంపుకట్టకుండా ఉంటాయి. ఈ మూడింటినీ నూరు డిగ్రీలు దాటిన వేడిలో కరిగిస్తారు. ఆ వేడిలో ప్రోటీన్‌ను వేస్తే ఉడికిపోతుంది. అందుకని ముందు ఖాళీ తిత్తులు కట్టి, బాగా చల్లారనిచ్చి, అప్పుడు ప్రోటీన్‌ను కలుపుతారు. అయితే మూసుకుపోయిన తిత్తిలోకి అది వెళ్లేదెలా? గడ్డకట్టించి కరిగించడం, మళ్లీ గడ్డకట్టించడం. మంచు స్ఫటికాలు గోడను చీలుస్తాయి, కరిగేటప్పుడు చీలిక అతుక్కుంటుంది, ఆ సందులో పక్కనున్న ప్రోటీన్‌ లోపల చిక్కుకుంటుంది. మామూలుగా ఇలాంటి పొరలను పాడుచేసే చర్యనే ఇక్కడ తలుపు తీయడానికి వాడుకున్నారు. చిక్కకుండా బయట మిగిలింది ఎటూ వృథాయే కనుక, ఎంత లోపల పడిందో లెక్క తేల్చాకే ముందుకు కదులుతారు.

గమ్యం చిన్నపేగు గోడలోని పేయర్‌ మచ్చలు. స్విస్‌ వైద్యుడు పేయర్‌ 1677లోనే వీటిని వర్ణించాడు. వాటి మీది ఎం-కణాలు పేగులోని రేణువులను మింగి, కింద కాచుకున్న రోగనిరోధక కణాలకు అందిస్తాయి. అక్కడ స్పందన మొదలైతే రక్తంలోనే కాక, పేగు, శ్వాసనాళాల తడి పొరల మీదా ఐజీఏ ప్రతిరక్షకాలు పుట్టే వీలుంటుంది. చాలా సూక్ష్మజీవులు ఒంట్లోకి దూరేది ఆ పొరలగుండానే. అక్కడ కాపలా పెట్టడంలో సూది టీకాలు అంత చురుకైనవి కావు.

మధ్యప్రదేశ్‌లోని సాగర్‌లో, హరిసింగ్‌ గౌర్‌ విశ్వవిద్యాలయంలో వ్యాస్‌ బృందం ఇదే పద్ధతిలో హెపటైటిస్‌-బి ప్రోటీన్‌ను ఎలుకలకు నోటిద్వారా ఇచ్చింది. సూదికంటే మోతాదు ఎక్కువే కావలసివచ్చింది. కానీ రక్తంలో ప్రతిరక్షకాలతోపాటు, సూదితో రాని ఐజీఏ కూడా స్రావాల్లో కనబడింది. మొహాలీలోని ఔషధ పరిశోధన సంస్థ నైపర్‌లో టెటనస్‌ టాక్సాయిడ్‌తో పనిచేసినవాళ్లు తిత్తి పైన గ్లూకోమానన్‌ అనే చక్కెర గొలుసును అతికించారు. రోగనిరోధక కణాలకు ఆ గొలుసులోని మానోజ్‌ను పట్టుకునే గ్రాహకాలుంటాయి, వాటికి ఇది ఎర.

పరిమాణం దగ్గర ఇంకో చిక్కు. 2009లో ఇన్‌ఫ్లుయెంజా టీకాతో చేసిన పరీక్షల్లో తిత్తి సైజు మారితే స్పందన స్వభావమే మారింది. పెద్ద తిత్తులు రోగనిరోధకతను కణాలు ముందుండి పోరాడే టీహెచ్‌-1 వైపు మొగ్గేలా చేశాయి. అంటే సైజు ఓ వివరం కాదు, అది మందులో భాగం. గడ్డకట్టించి కరిగించే పద్ధతిని ప్రయోగశాల సీసానుంచి కర్మాగారపు తొట్టికి మార్చి, ప్రతి విడతలోనూ అదే సైజు రాబట్టడం చిన్న పనేం కాదు. పైగా పేగుకు ఓర్పు అలవాటు. పదేపదే ఎదురయ్యే ప్రోటీన్‌ను అది ఆహారంగా ఒప్పేసుకుని ప్రతిఘటన మానేస్తుంది. మోతాదు పెంచుకుంటూ పోతే చాలదనేది అందుకే. ఎంత ఇవ్వాలన్నదానితోపాటు, ఎన్నాళ్ల ఎడంతో ఇవ్వాలన్నదీ తేల్చాలి.